మణికట్టు కదిలినప్పుడు

ఆ ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో ఆవిడ మాటకు ఎదురులేదు. ఆ మాట కూడా ఒక్కటే: “కదలకండి.” అరిచి చెప్పదు, గదమాయించదు. పక్కింటి కబురేదో చెవిలో వేస్తున్నట్టు నెమ్మదిగా అంటుంది. అంతే, గుక్కపట్టి ఏడ్చే పిల్లల దగ్గర్నుంచి చేతులు వణికే ముసలివాళ్ల దాకా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోతారు. అందుకని ఆసుపత్రిలో ఆవిడకు కదలకమ్మ అని పేరు పడింది. పెట్టినవాడు అంబులెన్సు డ్రైవరు. కొన్నాళ్లు అందరూ చాటుగా అనుకుని నవ్వుకున్నారు. ఒకరోజు ఆవిడే ఫోనెత్తి, “ఎక్స్‌రే గది, కదలకమ్మని మాట్లాడుతున్నా” అనేసరికి ఏడిపించడంలో మజా పోయింది. ఆ తర్వాత అదే పేరును గౌరవంగా పిలవడం నేర్చుకున్నారు.

కదలకుండా ఉండడమంటే చెప్పినంత తేలికా ఏమిటి? చెయ్యి విరిగి ప్రాణం విలవిల్లాడుతుంటే ఎవరు మాత్రం స్థిరంగా ఉంటారు? ఆవిడ పనితనమంతా అక్కడుంది. ఫోటో తీసే పలక చల్లగా తగిలితే మనిషి ఉలిక్కిపడతాడని, ముందే తన అరచేతులు దాని మీద ఆనించి చలి విరిచేది. మెత్తటి నూలుగుడ్డతో చిన్న చిన్న ఇసుక సంచులు తనే కుట్టుకుంది, మోచేతికొకటి, మడమకొకటి. పిల్లలైతే, “నీ మోకాలి మీద పిచ్చుక వాలిందిరా, కదిలావో తుర్రుమంటుంది” అనేది. వాడు ఊపిరి కూడా బిగబట్టి పిచ్చుక కోసం చూస్తూండగానే ఫోటో అయిపోయేది. ఆవిడ తీసిన ఫోటోలో ఎముక అంచు సన్నటి కలంతో గీసినట్టుండేది. మసక ఫోటో డాక్టర్లకు పంపడమంటే ఆవిడకు మాసిన బట్టలతో నలుగురిలోకి వెళ్లినంత నామోషీ.

ఇంట్లోనూ అదే పరువు. భర్త బస్సు డిపోలో మెకానిక్కు. “మా ఆవిడ నన్ను చూసిందంటే లోపలి ఎముకలనే చూస్తుంది, పైన ఇంత అందగాడున్నాడని గమనించదు” అని వేళాకోళమాడేవాడు. మామగారు ఇళ్లకు రంగులు వేసే మేస్త్రీ, వయసు మీదపడి నిచ్చెన దిగాడు. మరిది తండ్రి దగ్గరే పని నేర్చుకున్నాడు. గోడకూ పైకప్పుకూ మధ్య అంచు గీత ఉంటుందే, టేపు అంటించకుండా ఒట్టి చేత్తో దాన్ని తిన్నగా లాగడం ఆ తండ్రీకొడుకుల ప్రత్యేకత. ఆ ఇంట్లో ఎవరి కాలు బెణికినా, ఎవరి నడుం పట్టేసినా డాక్టరు కన్నా ముందు ఆవిడ వైపే చూసేవారు. ఎముకల విషయంలో ఆవిడ నోటినుంచి వచ్చిందే తీర్పు. తీర్పు బాగానే ఉంటుంది, ఒకరి నెత్తిన పడేదాకా.

ఒకరోజు మరిది నిచ్చెన మీంచి జారాడు. పడేటప్పుడు కుడి అరచెయ్యి నేలకు ఆనించి ఒళ్లు కాపాడుకున్నాడు. మణికట్టు వాచింది. వదిన దగ్గరికి కాక ఇంకెక్కడికి పోతాడు? ఆవిడే దగ్గరుండి ఫోటో తీసింది. నొప్పికి వాడు పిడికిలి బిగించి కూర్చున్నాడు. “వదులు నాయనా, చెయ్యి వదులు” అంటూ ఒక్కొక్క వేలూ తనే విడదీసింది. ముంజేతి కింద మెత్త పెట్టి, మోచేతి దగ్గర ఇసుక సంచి ఆనించి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు ఆ చేతిని పలక మీద పడుకోబెట్టింది. ఫోటో దివ్యంగా వచ్చింది. మణికట్టులో ఉండే చిన్న చిన్న ఎముకలన్నీ ఒకదానికొకటి ఆనుకుని బుద్ధిగా కూర్చున్నాయి. ఏదీ విరగలేదు, బెణుకే, తగ్గిపోతుంది అన్నాడు చూసిన డాక్టరు.

వాపు తగ్గింది గాని నొప్పి తగ్గలేదు. మామూలుగా ఉంటే ఏమీ తెలియదు. అన్నం తింటాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటాడు. బ్రష్ పట్టి మణికట్టు తిప్పాడంటే మాత్రం లోపలెక్కడో టక్కుమంటుంది, ప్రాణం పోయినట్టవుతుంది. కట్టు కట్టుకుని చూశాడు, మాత్రలు మింగి చూశాడు. పళ్ల బిగువున ఒక గది పూర్తిచేస్తే రెండో గదికి చెయ్యి లేచేది కాదు. ఇంకోసారి ఫోటో తియ్యమని వదినను బతిమాలాడు. తీసింది. ఈసారి మొదటిదానికన్నా బాగా వచ్చింది.

“ఏమీ లేదయ్యా, అంతా బాగానే ఉంది” అంది ఆవిడ, భోజనాల దగ్గర, అందరి ముందూ. మంచి కబురు చెబుతున్నాననే అనుకుంది.

మామగారికి అది చాలు. “ఎముక చెడలేదు, బుద్ధి చెడింది. వీడికి బ్రష్ బరువైంది” అన్నాడు.

వాడు కంచం ముందునుంచి లేచిపోయాడు. వారం తిరక్కుండా ఒక బట్టల కొట్లో, వచ్చేపోయేవాళ్లకు తలుపు తీసే పనిలో కుదిరాడు. తండ్రి వాడి బ్రష్‌లన్నీ కడిగి, ఆరబెట్టి, తన గదిలో పెట్టెలో పడేసి తాళం వేశాడు. ఆపైన కొడుకుతో మాట్లాడటం మానేశాడు. వాడు వదినతో మాట్లాడటం మానలేదు గాని, ఆ మాటల్లో తడి లేదు. “అన్నం తిన్నావా” అంటే “తిన్నా” అనేవాడు, అంతే.

ఆ పొడి మాటలు ఆవిడకు గుచ్చుకునేవి. అయినా ఫోటో అబద్ధం చెబుతుందా? అందులోనూ తను తీసిన ఫోటో! బతుకంతా నమ్ముకున్న పనిని ఒక్కసారిగా అనుమానించమంటే ఎవరి తరం? ఆవిడ మరిదినే అనుమానించింది. అందుకు ఆవిడను తప్పుపట్టడానికి నాకైతే నోరు రాదు.

ఇలా ఉండగా ఆసుపత్రికి కొత్త డాక్టరమ్మ వచ్చింది. ఫోటోలు చూసి జబ్బు చెప్పడమే ఆమె పని. వచ్చీ రాగానే చివరి గదిలో ఉన్న తెర యంత్రం మీద కన్నేసింది. అది కూడా ఎక్స్‌రే యంత్రమే గాని, ఆగిన ఫోటోకు బదులు కదిలే బొమ్మ చూపిస్తుంది. మింగిన మందు గొంతులోంచి ఎలా దిగుతోందో చూడ్డానికి తప్ప అప్పటిదాకా దాన్ని ఎవరూ ముట్టుకునేవారు కాదు. డాక్టరమ్మ దాంతో కీళ్లను చూస్తానంది.

“కీలు ఉన్నదే కదలడానికి కదక్కా. ఆపేసి ఫోటో తీస్తే దాని పని మనకెలా తెలుస్తుంది?”

“కదిలితే బొమ్మ చెడిపోతుంది డాక్టరమ్మా.”

“దీంట్లో చెడిపోదు. నాకు కావాల్సింది ఆ కదలికే.”

ఆవిడ అక్కడ తలూపి, ఇంటికొచ్చి మొగుడి ముందు చిందులు తొక్కింది. “ఇన్నేళ్లూ జనాన్ని కట్టేసినట్టు కూర్చోబెట్టా. ఇప్పుడు వాళ్లచేత గంతులేయించమంటోంది!”

“అందులో తప్పేముంది? మేం మాత్రం షెడ్డులో నిలబెట్టిన బస్సును చూసి ఎక్కడ శబ్దమొస్తోందో చెబుతామా? నడిపి చూడాల్సిందే” అన్నాడు మొగుడు. ఆ రాత్రి ఆవిడ అతనితో మాట్లాడలేదు. తన వైపు మాట్లాడతాడనుకుంటే డాక్టరమ్మ పక్షం చేరాడు మరి.

మొదట్లో ఆ గదిలో జరిగిన తమాషా చూడాల్సిందే. మణికట్టు తిప్పమంటే భుజం తిప్పేవాడొకడు. మోకాలు మడవమంటే సిగ్గుతో మొత్తంగా ముడుచుకుపోయేది ఇంకొకావిడ. చూస్తూండగానే చెయ్యి తెరలోంచి బయటికెళ్లిపోయి ఒట్టి తెర మిగిలేది. అద్దం వెనకనుంచి డాక్టరమ్మ “నెమ్మదిగా! ఇటు! అటు కాదు, ఇటు!” అని మైకులో చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకుంది. కిరణాలు ఎక్కువసేపు పడకూడదు, కాసిన్ని క్షణాల్లో పని కానిచ్చెయ్యాలి. ఏ ఎముక ఎటు జారాలో ఆమెకు క్షుణ్ణంగా తెలుసు. ఆ ఎముకల చుట్టూ ఉన్న మనిషిని ఒప్పించడంలోనే తల ప్రాణం తోకకొచ్చింది.

అది చూసి కదలకమ్మకు పంతం పుట్టింది. భయపడ్డ మనిషిని ఆపడమెలాగో తెలిసిన తనకు, అదే మనిషిని కదిలించడం రాకుండా పోతుందా అనుకుంది. కిరణాలు తగలకుండా సీసపు కోటు తొడుక్కుని రోగికి ఎదురుగా కూర్చుని తన చెయ్యి పైకెత్తేది. “నా చెయ్యి చూడండి, మీది చూడొద్దు. నాతో పాటు రండి.” ఆవిడ ఎంత నెమ్మదిగా తిప్పితే అవతలి చెయ్యీ అంతే నెమ్మదిగా తిరిగేది. యంత్రం వెయ్యకముందే అలా ఆడించి, కుదిరిందనిపించాకే అద్దం వైపు తలూపేది. అప్పుడు తెరమీద ఎముకలు ఒకదాని పక్కనుంచి ఒకటి ఒద్దికగా జరుగుతుంటే కదలకమ్మే కళ్లప్పగించి చూసేది. ఇన్నేళ్లుగా తను చూసిన ఎముకలేనా ఇవి అనిపించేది.

“అక్కా, మీరు లేకపోతే ఈ యంత్రానికి మళ్లీ దుప్పటి కప్పేసేదాన్ని” అంది డాక్టరమ్మ ఒకరోజు, మొహమాటం లేకుండా. కదలకమ్మ కూడా ఆమెను వదల్లేదు. ఏ ఎముక దేన్ని నెడుతుంది, ఎముకల్ని కలిపి కట్టే ఏ లిగమెంట్ దేన్ని పట్టి ఉంచుతుంది, అడిగి అడిగి చెప్పించుకుంది. ఆ వయసులో, కూతురులాంటి పిల్ల ముందు కూర్చుని మళ్లీ పాఠం వినడానికి పెద్ద మనసు కావాలి. ఆవిడలో నాకు అన్నిటికన్నా నచ్చేది అదే.

ఒక మధ్యాహ్నం లాండ్రీలో పనిచేసే ఒకావిడ వచ్చింది. మణికట్టు నొప్పి. పాత ఫోటోలు శుభ్రంగా ఉన్నాయి, మన కదలకమ్మ తీసినవే. చెయ్యి అటూ ఇటూ తిప్పించి చూస్తే తెరమీదా అంతా సవ్యంగానే ఉంది. డాక్టరమ్మ చాలనబోయింది.

“ఎప్పుడు నొస్తుందమ్మా మీకు?” అని అడిగింది కదలకమ్మ.

“దుప్పట్లు పిండేటప్పుడండి.”

కదలకమ్మ వెళ్లి ఒక తువ్వాలు తడిపి తెచ్చి ఆవిడ చేతికిచ్చింది. “ఇది పిండండి, ఒక్కసారి.”

ఆవిడ పళ్లు బిగించి పిండింది. అంతదాకా ఒకదానికొకటి ఆనుకుని ఉన్న రెండు చిన్న ఎముకలు, బొటనవేలి వైపుదీ దాని పక్కదీ, చటుక్కున విడిపోయాయి. మధ్యలో వెలుతురు సందు. తువ్వాలు వదిలెయ్యగానే ఏమీ ఎరగనట్టు మళ్లీ దగ్గరికొచ్చేశాయి.

డాక్టరమ్మ సంతోషం పట్టలేక లేచి నిలబడింది. “చూశారా అక్కా! ఆ రెంటినీ పట్టి ఉంచే లిగమెంట్ తెగింది. చెయ్యి వదులుగా ఉంటే కనపడదు. పిడికిలి బిగిస్తేనే బయటపడుతుంది.”

కదలకమ్మకు మరిది చెయ్యి గుర్తొచ్చింది. మరిది ఆ రోజు పిడికిలి బిగించే కూర్చున్నాడు. ఒక్కొక్క వేలూ విడదీసింది తనే.

ఇలాంటి పొరపాటు చెయ్యాలంటే చెయ్యి తిరిగినవాళ్లకే సాధ్యం. నిన్నగాక మొన్న పనిలో చేరిన మనిషయితే ఆ పిడికిలి వదిలించడం చేతకాక, వంకరటింకరగా ఓ ఫోటో తీసి పడేసేది. అందులో ఆ సందు కనబడినా కనబడేది. ఈవిడ ఓపిక, ఈవిడ మెత్తలు, ఈవిడ ఇసుక సంచి కలిసి దాన్ని మూసేశాయి. ఒకసారి కాదు, రెండుసార్లు.

డ్యూటీ దిగి ఇంటికి పోకుండా తిన్నగా బట్టల కొట్టుకు వెళ్లింది. మరిది తలుపు తీయబోయి ఆగిపోయాడు.

“వదినా? ఏంటి ఇలా వచ్చావు?”

“రేపు ఆసుపత్రికి రా. నీ చెయ్యి మళ్లీ చూస్తాం.”

“మళ్లీ ఫోటోనా?” వాడు మొహం గంటుపెట్టుకున్నాడు. “ఏమీ లేదని ఇప్పటికే రెండుసార్లు చెప్పావు. ఇంకోసారి వినే ఓపిక లేదు వదినా. ఇప్పుడు సోమరి అంటున్న నాన్న రేపు దొంగ అంటాడు.”

“ఫోటో కాదు. నువ్వు రంగు వేస్తుండగా చూస్తాం.”

“అందులోనూ ఏమీ లేకపోతే?”

“ఏమో. లేకపోతే నాకూ తెలీదు. కానీ నేను తప్పు చేశానేమోనని మనసు కొట్టుకుంటోందిరా. నాకోసం రా.”

ఎముకల విషయంలో వదిన నోట తప్పు అనే మాట వాడెన్నడూ వినలేదు. ఆ మాట మీదే వచ్చాడనుకుంటాను.

బ్రష్ కావాలంటే మామగారి పెట్టె తెరవాలి. ఆవిడే వెళ్లి అడిగింది.

“దేనికి? ఆసుపత్రికి సున్నం వేయిస్తున్నావా వాడిచేత?” అన్నాడు పెద్దాయన.

“మీరూ రండి మామయ్యా, చూద్దురుగాని.”

“నాకేం పని?” అన్నాడు గాని మర్నాడు బ్రష్‌ను గుడ్డలో చుట్టి, చంకలో పెట్టుకుని, వాళ్ల వెనకే బయల్దేరాడు. మంచి బ్రష్, ఎక్కడ పారేస్తారోనని వస్తున్నాడట. కొడుకుతో ఒక్క మాట లేదు. గది బయట బల్లమీద గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

లోపల ముందు ఒట్టి చేత్తో తిప్పించారు. తెరమీద ఎముకలన్నీ సక్రమంగా జరిగాయి. తర్వాత బ్రష్ ఇచ్చి గాలిలో గీత లాగమన్నారు. ఏమీ లేదు. మరిది మొహంలో నెత్తుటిచుక్క లేదు. “చెప్పానుగా వదినా” అన్నాడు మెల్లగా, వెళ్లిపోవడానికి లేవబోతూ.

“ఉండు. గాలికి రంగేస్తావుట్రా నువ్వు?” అంటూ ఆవిడ గది నలుమూలలా వెతికి, సామాన్ల పెట్టె చించి పెద్ద అట్టముక్క తెచ్చింది. దాన్ని నిలువుగా ఆనించి, తన చేతులు బొమ్మలో పడకుండా అవతలి అంచు గట్టిగా పట్టుకుంది. “ఇదే గోడ. పైన కప్పు. మీ నాన్న చూస్తున్నాడనుకో. లాగు.”

వాడు బ్రష్ అట్టకేసి అదిమి, మణికట్టు తిప్పుతూ లాగాడు. సగంలో టక్కుమంది. ఎదురుగా ఉన్న ఆవిడకు కూడా వినబడింది. వాడి పెదవులు తెల్లబడ్డాయి. గీత మాత్రం చివరిదాకా లాగేశాడు.

“అక్కా, దొరికింది” అంది డాక్టరమ్మ మైకులో.

వాడు వదిన మొహంలోకి చూశాడు. “ఉందా?”

“ఉంది నాయనా. ఉంది.”

చేతిలో లిగమెంట్ తెగిందని తెలిసి అంత సంబరపడ్డ మనిషి గురించి నేనింకెక్కడా వినలేదు. ఎడమచేత్తో మొహం కప్పుకుని నవ్వాడు, ఆ నవ్వులోనే భోరుమన్నాడు. ఆవిడా ఏడ్చింది. “నాదే తప్పురా. నొప్పితో బిగించుకున్న పిడికిలి నేనే విప్పి, ఏమీ లేదని నలుగురిలో చెప్పా. ఉందని కూడా నలుగురిలోనే చెబుతా.”

డాక్టరమ్మ లోపలికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆలస్యం జరిగింది. ఆపరేషన్ చేసి లిగమెంట్ కుట్టవచ్చు, నొప్పి తగ్గుతుంది, పనికీ వెళ్లవచ్చు. కాకపోతే చెయ్యి మునుపటంత తిరుగుతుందని మాట ఇవ్వలేనంది. వాడు అన్నిటికీ సరేనన్నాడు. ఆ మాటకొస్తే వాడికి అప్పటికే సగం నొప్పి పోయింది. “మా నాన్నకి చూపిస్తారా?” అని మాత్రం అడిగాడు.

కదలకమ్మ బయటికెళ్లి మామగారిని చెయ్యిపట్టుకుని తీసుకొచ్చి తెరముందు కూర్చోబెట్టింది. “ఆ రోజు నేను చెప్పింది తప్పు మామయ్యా. మీ అబ్బాయి చెప్పిందే నిజం. చూడండి.” యంత్రంలో దాచిన బొమ్మను మళ్లీ వేసింది. డాక్టరమ్మ పెన్ను కొసతో ఆ రెండు ఎముకలనూ చూపించింది, అవి విడిపోయే చోట బొమ్మను ఆపి సందు చూపించింది. పెద్దాయన కళ్లజోడు సవరించుకుని ముందుకు వంగాడు. కానీ ఆయన చూపు సందు మీద లేదు. తెరమీద బ్రష్ పిడీ కుచ్చూ కనపడటం లేదు గాని, కుచ్చును పట్టి ఉంచే రేకు పట్టీ నల్లగా, స్పష్టంగా కనిపిస్తోంది. ఆయన దాన్నే చూస్తున్నాడు.

“మళ్లీ వెయ్యమ్మా” అన్నాడు.

వేసింది. ఎముకలు విడిపోయాయి. రేకు పట్టీ తిన్నగా సాగిపోయింది.

“ఇంకొక్కసారి.”

మళ్లీ వేసింది.

“ఇదిగో, ఇక్కడే కదూ తెగిపోయిన చోటు విడిపోయేది?” అని డాక్టరమ్మను అడిగాడు.

“అవునండి. బాగా నొప్పి పుట్టేది అక్కడే.”

పెద్దాయన కొడుకు వైపు తిరిగాడు. “అంత నొప్పిలో కూడా గీత వదల్లేదేంట్రా?”

“వదిలితే నువ్వు తిడతావు కదా నాన్నా” అన్నాడు కొడుకు.

ఆయన కొడుకు కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఎంత గట్టిగా పట్టుకోవచ్చో తెలియక కోడలి వైపు చూశాడు.